చెయ్యి నడిచిన గోడ

"వద్దు! పడిపోయిన చోట గోడ కట్టండి... అంతే! అంతకుమించి ఈ ఇంట్లో ఒక్క ఇటుక కూడా కదపడానికి వీల్లేదు!"

అనేసి కొలతమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంత గట్టిగా అరిచింది తనేనా అని ఆమెకే నమ్మకం కలగలేదు. భోజనాల బల్ల మీద పరిచిన నమూనా కాగితాలు ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్నాయి. వాటిని రెండు అరచేతులతో అదిమిపట్టుకున్న కూతురు చిట్టి తలెత్తి తల్లి వంక చూసింది. ఆ కళ్లలో కోపం కన్నా ముందు నీళ్లు కనిపించాయి.

"నీకోసమే గీశానమ్మా..." అంది చిట్టి. "ఎన్ని రోజులు కూర్చుని గీశానో నీకు తెలియదు. నువ్వు ఒక్కసారి చూడను కూడా చూడలేదు!"

చూడకపోవడమా! కాగితం విప్పగానే కొలతమ్మ చూపు తిన్నగా అక్కడికే వెళ్లింది. ఇంటి వెనక, పెరటి వైపు, కొత్తగా ఒక గది. గదికి గోడంత కిటికీ. కిటికీ పక్కన పెన్సిలుతో బుల్లి కుట్టుమిషను బొమ్మ! దాని ముందు చిన్న కుర్చీ కూడా గీసింది పిచ్చిపిల్ల. ఆ కుర్చీలో తను కూర్చున్నట్టే అనిపించింది. అయినా "వద్దు" అంది.

వానలకి వంటగది వెనక గోడ కూలిపోవడంతో మొదలైంది ఇదంతా. అది చాలా పాత ఇల్లు. రాళ్లు పరిచిన ఆ వీధిలో వరసగా ఉన్న పాత ఇళ్లన్నిటికీ ఊరి పెద్దలు ఒక ఆఫీసు పెట్టారు. ముందు వైపు ఎవరూ ఏమీ మార్చకూడదు. వెనక వైపు కావాలంటే, పాతదానికి తగ్గట్టుగా, అనుమతి తీసుకుని పెంచుకోవచ్చు. చిట్టి పని చేసేది కూడా అలాంటి పాత కట్టడాలను బాగుచేసే సంస్థలోనే. గోడ కూలిందని తెలియగానే సెలవు పెట్టి, వేరే ఊరి నుంచి నమూనాలు చంకన పెట్టుకుని వచ్చేసింది.

"అసలు ఆ గోడ ఎందుకు కూలిందో చెప్పవే చిట్టీ, మీ నాన్న కూడా వింటాడు" అంది ఆడపడుచు. ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. చేతిలో గొడుగు, నోట్లో మాట లేకుండా ఆమె ఎప్పుడూ ఈ గడప తొక్కలేదు.

"పాత గోడ సున్నంతో కట్టింది అత్తా. అది చెమ్మ పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద నాన్న సిమెంటు పూయించారు. లోపలి చెమ్మ బయటికి వచ్చే దారి లేక గోడ లోపల్లోపలే నానిపోయింది."

"చూశావా! మా అన్నయ్య గడియారం బాగుచేస్తే నడుస్తుంది, గోడ బాగుచేస్తే కూలుతుంది!"

గడియారాలు మరమ్మతు చేసే ఆ ఇంటి యజమాని నవ్వేసి భార్య వైపు చూశాడు. "పోనీ ఇదిగో... నీకు ఇష్టం లేని కారణమేమిటో చెప్పు. దాన్ని బట్టి అమ్మాయి మార్చి గీస్తుంది."

కొలతమ్మ తల వంచుకుంది. చెప్పగలిగితే ఈ గొడవంతా ఎందుకు!

"కారణమేముంటుందన్నయ్యా!" ఆడపడుచు అందుకుంది. "ఈ ఇంట్లో ఏ వస్తువు జరిపినా వదిన ప్రాణం జరిగిపోతుంది. హాల్లో ఆ ముక్కాలి పీట చూడు! నేను పెళ్లయి వెళ్లేటప్పుడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే. మొన్న కాలికి తగిలి కాస్త పక్కకి జరిగితే, నేను కాఫీ తాగేలోపల వదిన వచ్చి మళ్లీ కొలిచినట్టు అదే చోట పెట్టింది. కొలతమ్మ అని ఊరికే పేరు పెట్టానా? ఇక ఆ నడవ గోడ మీద నల్లటి చార! పశువులు ఒరుసుకున్న కొట్టం గోడలా ఉంది. సున్నాలు వేసిన ప్రతిసారీ 'ఆ గోడ నేను వేసుకుంటాను' అంటుంది... వెయ్యదు! ఊళ్లోవాళ్లకి కొత్త బట్టలు కుడుతుంది, ఇంటికి మాత్రం పాత మురికే కావాలి!"

"అమ్మ ఈ ఇంటిని మ్యూజియం చేసేసింది" అంది చిట్టి కాగితాలు చుట్టేస్తూ. "అందులో మనం వస్తువుల్లా ఉండాలి. కదలకూడదు."

ఆ మాట సూదిలా దిగింది. కొలతమ్మ కన్నీళ్లు కనబడకుండా పక్కకి తిరిగింది. తిరిగిన వైపు, కిటికీ దగ్గర వాలుకుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. వెలుతురు వైపు ముఖం పెట్టి, అందరి మాటలూ వింటూ, పెదవులు బిగించి...

అత్తగారికి కళ్లు కనిపించవు. ఆ సంగతి ఈ ఇంట్లో కొలతమ్మకు తప్ప మరెవరికీ తెలియదు!

చిట్టి చదువు కోసం హాస్టల్లో ఉన్న రోజుల్లో సంగతి అది. అత్తగారు గ్లాసు పక్కన నీళ్లు వంపుతుంటే చూసి, ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది కొలతమ్మ. నరం ఎండిపోయింది, పోయిన చూపు ఇక రాదు, మిగిలిన మసక వెలుగు ఉన్నన్నాళ్లు ఉండాలంటే చుక్కల మందు వేసుకోవాలి అన్నాడు ఆయన. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఎన్నడూ పట్టుకోలేదు.

"ఇంట్లో ఎవరికీ చెప్పకే కోడలా! మా పెద్దమ్మకి ఇలాగే అయింది. ఇంటినంతా చేతి మీద నడిపించిన మనిషి... చూపు పోయిందని తెలిసిన రోజే ఆవిడ్ని ఒక మూల కూర్చోబెట్టారు. వేళకి అన్నం పెట్టారు, దుప్పటి కప్పారు. ఆవిడ ఆ మూలలోనే పోయింది. నన్ను మాత్రం మూలకి చేర్చకే!"

అంతటి మనిషి తన ముందు అలా ప్రాధేయపడుతుంటే కొలతమ్మ ఇంకేం మాట్లాడగలదు? "మీ మీద ఒట్టు అత్తయ్యా... చెప్పను" అంది.

ఆ రోజు నుంచి ఆ ఇల్లే అత్తగారికి కళ్లయింది. గది గడప దాటి ఎడమ చెయ్యి గోడకి ఆనించి నడిస్తే నడవ. గోడలో వేలు దిగేంత గుంట తగిలితే మెట్టు వస్తున్నట్టు. మేకు తగిలితే వంటగది మలుపు. ముక్కాలి పీట మోకాలికి తగిలితే హాల్లో సగం దూరం. అలా ఆ చెయ్యి నడిచీ నడిచీ గోడ మీద నల్లటి చార పడింది. పీట జరిగితే అత్తగారు పడిపోతుంది. చార మీద సున్నం మందంగా వేస్తే గుంట పూడిపోతుంది. అందుకే కొలతమ్మ కొలతమ్మ అయింది! పొద్దున్నే గుడ్డలు కత్తిరిస్తూ పేపరు పైకి చదివేది. సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే అత్తగారు ఆ వార్తలే తిరిగి ఆయనకు చెప్పి వాదించేది. ఎవరైనా ఫొటోలు తెస్తే, "అత్తయ్యా, మన చిట్టి ఆ నీలం రంగు బట్టల్లో ఎంత బాగుందో చూడండి!" అని కొలతమ్మ ముందే అందించేది. "నీలం దానికి నప్పుతుంది" అని అత్తగారు హుందాగా తల పంకించేది.

ఇక కొలతమ్మ కళ్లు? నడవ చివర, బల్బు కింద ఆమె కుట్టుమిషను. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాలంటే ఏడుపొచ్చేది. దారం ఎక్కించడానికి సూదిని బల్బు దగ్గరకు ఎత్తి పట్టుకుని ఎన్నిసార్లు అనుకుందో... దేవుడా, ఒక్క కిటికీ! పగటి వెలుతురు పడే ఒక్క కిటికీ చాలు నాకు!

ఆ కిటికీనే ఈ రోజు కూతురు గీసి తెచ్చింది. తానే వద్దంది.

"ఆ కాగితాలు చుట్టెయ్యకే చిట్టీ!"

అందరూ ఉలిక్కిపడి చూశారు. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"మీ అమ్మ మాట పట్టించుకోకు. ఈ ఇంటి పెద్దని నేను. గోడలు బాగు చెయ్యండి, ఆ గది కట్టండి. నేను చెబుతున్నాను!"

"అత్తయ్యా...!"

"నోర్ముయ్యవే!" అంది అత్తగారు ముద్దుగా.

అందరూ వెళ్లాక కొలతమ్మ ఆమె పాదాల దగ్గర కూలబడింది. "ఎందుకలా అన్నారత్తయ్యా? గోడలు మారితే మీరెలా నడుస్తారు? పనివాళ్లు, ఇటుకలు, ఇసక... నాకు భయంగా ఉంది!"

అత్తగారు తడుముకుంటూ కోడలి తల నిమిరింది. "నాకు ఎలాగూ చీకటే. నా చీకటి కోసం నువ్వెందుకే చీకట్లో కూర్చోవడం? ఇన్నాళ్లూ అందరూ నిన్ను అనే మాటలు వింటూ నోరు మూసుకున్నాను. ఎంత స్వార్థం నాది!"

"అయితే ఇప్పుడైనా చెప్పేద్దామా?"

ఆ చెయ్యి చటుక్కున ఆగిపోయింది. "చెప్పావంటే రేపటి నుంచి నీ చేత్తో కాఫీ కూడా ముట్టను!"

కొలతమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

పని మొదలైంది. వచ్చిన మేస్త్రికి ఆడపడుచు మొదటి రోజే పేరు పెట్టేసింది. ఏది అడిగినా, "రేపు చూద్దామమ్మా, సున్నం ఇంకా నానాలి" అంటాడు కనక రేపటి మేస్త్రి! ఆయనకి ఆ పేరు నచ్చింది కూడా. "సున్నానికి తొందర పనికిరాదమ్మా. తొందరున్నవాళ్లు సిమెంటు పూసుకుంటారు" అని ఓరగా ఇంటి యజమాని వైపు చూసేవాడు. ఆయన వెంటనే గడియారం చూసుకుని దుకాణానికి బయలుదేరేవాడు.

సిమెంటు పెచ్చులు ఊడదీస్తుంటే లోపల గోడ తడిసిన రొట్టెలా ఉంది. పాడైన ఇటుకలు తీసి, పనికొచ్చేవి కడిగి ఆరబెట్టి, మళ్లీ సున్నంతో కట్టారు. పెరటి వైపు కొత్త గదికి పునాది లేచింది. చిట్టి జుట్టు మీద గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా దుమ్ము కొట్టుకుని, పనివాళ్ల మధ్య తిరుగుతుంటే చూసి కొలతమ్మకు కడుపు నిండిపోయేది.

"కొత్త గది కప్పు పాత కప్పు కన్నా కాస్త కిందికి ఎందుకే పెట్టావు?" అని అడిగింది ఒకరోజు.

"పెద్దవాళ్ల పక్కన నిలబడినప్పుడు కాస్త ఒదిగి నిలబడమని నువ్వే కదమ్మా నేర్పావు? ఇదీ అంతే. అదే సున్నం, అదే రకం పెంకు, అదే వాలు. కానీ పాతదానిలా వేషం వెయ్యదు. రెండిటి మధ్య గోడలో సన్నటి గాడి వదులుతున్నాను చూడు. పాతిల్లు ఇక్కడ అయిపోయింది, నీ గది ఇక్కడ మొదలైంది అని తెలియడానికి."

'నీ గది!' ఆ రెండు మాటలు కొలతమ్మ ఆ రోజంతా మనసులో అనుకుంటూనే ఉంది.

తెల్లవారి పనివాళ్లు రాకముందే అత్తా కోడళ్లు ఇద్దరూ ఇల్లంతా ఒకసారి తిరిగేవాళ్లు. "ఇక్కడ ఇసక గుట్ట అత్తయ్యా... ఇక్కడ పలక అడ్డం పెట్టారు... నిన్న ఇక్కడ తలుపుండేది, ఇవాళ లేదు." అత్తగారు బడిపిల్లలా ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పేది. "నీ పెళ్లప్పుడు నీకు ఈ ఇల్లు నేను చూపించాను. ఇప్పుడు నాకు నువ్వు చూపిస్తున్నావు" అని ఒకసారి అని నవ్వింది. నడవలోకి వచ్చి చార మీద చెయ్యి పెట్టగానే మాత్రం ఆ చేతికి ఎవరి సాయమూ అక్కర్లేదు. నడవ గోడని ముట్టుకోనని, పని మొదలవక ముందే కొలతమ్మ చిట్టి దగ్గర మాట తీసుకుంది. అదొక్కటే ఆమె ధైర్యం.

ఆ మాట వెనక కారణం చెప్పకపోవడమే పొరపాటైంది.

బడిపిల్లల యూనిఫాంలు కుట్టడం పూర్తయింది. మూటలు మోయడానికి భర్తని తోడు తీసుకుని కొలతమ్మ బడికి వెళ్లింది. అవి ఇచ్చి, దారిలో కొత్త గదికి కిటికీ గుడ్డ కొనుక్కుని, ఎన్నడూ లేనిది ఇద్దరూ ఒక చోట కూర్చుని టీ తాగి, నవ్వుకుంటూ ఇంటికి వచ్చారు. గుమ్మం ఎక్కుతుండగానే పచ్చి సున్నం వాసన గుప్పున కొట్టింది. వంటగది వైపు నుంచి రావలసిన వాసన... హాలు వైపు నుంచి వస్తోందేమిటి?

గడప మీదే కొలతమ్మ కాళ్లు ఆగిపోయాయి.

నడవ గోడ తెల్లగా, నున్నగా, అద్దంలా మెరుస్తోంది. చార లేదు! గుంట లేదు, మేకు లేదు! గోడ మధ్య నుంచి మాత్రం, తడి సున్నంలో, ఐదువేళ్లు గీసుకుంటూ వెళ్లిన గీతలు వంకరటింకరగా కొంత దూరం పోయి గాల్లో కలిసిపోయినట్టు ఆగిపోయాయి. హాలు మధ్యలో అత్తగారు నిలబడి ఉంది. రెండు చేతులూ ముందుకు చాపి... ఎడమ చెయ్యి మణికట్టు దాకా సున్నం... ముఖం ఎటూ కాని వైపు తిప్పి...

"ఇది మా ఇల్లు కాదు..." అంటోంది చిన్నపిల్లలా. "నన్నెక్కడికి తీసుకొచ్చారు? కోడలా! ఓ కోడలా! మన ఇల్లేదే?"

ఆడపడుచు చేతిలోని, గోడ గోకిన ఇనుప రేకు ఖంగున కింద పడింది. చిట్టి నాన్నమ్మ ముఖానికి ఎదురుగా నిలబడి ఉంది. చెయ్యి ఎత్తి ఆ కళ్ల ముందు అటూ ఇటూ ఆడించింది. కళ్లు కదల్లేదు.

"అత్తయ్యా!" చేతిలో పొట్లం ఎక్కడ పడేసిందో కొలతమ్మకు తెలియదు. పరుగున వెళ్లి ఆమెని రెండు చేతులా పొదివి పట్టుకుంది. "నేనత్తయ్యా... వచ్చేశాను! మనిల్లే ఇది... మనింట్లోనే ఉన్నారు!" ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు పోసి, చేతికంటిన సున్నమంతా ఒక్కో వేలూ కడిగింది. కడుగుతుంటే తన కన్నీళ్లు కూడా ఆ నీళ్లలో కలిసిపోయాయి.

"నీకు ఆశ్చర్యంగా ఉంటుందని చేశామమ్మా..." అంది చిట్టి. "నువ్వు నలుగురిలో మాటలు పడుతున్నావని... నాన్నమ్మ గదిలో పడుకున్నాక అత్తా నేనూ కలిసి గోకి, మేస్త్రి గారితో పూత వేయించాం... నాకేం తెలుసు! నాన్నమ్మకి..."

"వదినా!" ఆడపడుచు ఏడుపుతో అరిచింది. "ఎన్నాళ్ల నుంచి? చెప్పు, ఎన్నాళ్ల నుంచి? మా అమ్మకి చూపు పోతే కన్నపిల్లలం మాకు చెప్పవా? ఆ హక్కు నీకెవరిచ్చారు?"

కొలతమ్మ తల ఎత్తలేదు. ఆ మాటలో తప్పు లేదు. తల్లి కళ్ల సంగతి కూతురికి అందరికన్నా ఆఖరున తెలియడం ఎంత బాధో ఆమెకూ తెలుసు.

"నేనిచ్చాను!" అంది అత్తగారు. తడి చేతిని కోడలి భుజం మీద పెట్టి, గొంతు వినిపించిన వైపు ముఖం తిప్పింది. "దాన్ని అనకు. నేనే ఒట్టు వేయించుకున్నాను. నా కోసం ఇది పీటలు కొలిచింది, పేపరు చదివింది, చార చెరిగిపోకుండా కాపలా కాసింది. మీరందరూ పిచ్చిదన్నారు, మొండిదన్నారు, కొలతమ్మ అన్నారు. ఒక్కసారైనా నోరు విప్పిందా? నా గౌరవం నిలబెట్టడానికి తన గౌరవం పోగొట్టుకుందే ఈ పిల్ల!"

ఇంటి యజమాని మెల్లగా వచ్చి తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు. "రోజంతా కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుంటానమ్మా... కనిపించనంత చిన్న మరమేకు కూడా పట్టుకుంటాను. నా ఎదురుగా కూర్చుని నువ్వు వార్తలు చెబుతుంటే... నీ కళ్లు పట్టుకోలేకపోయాను!"

"నువ్వు పట్టుకోకూడదనే కదరా నా తాపత్రయమంతా! చూపు పోయిందని మా పెద్దమ్మని కూర్చోబెట్టినట్టు నన్నూ ఒక మూల కూర్చోబెడతారని!"

"ఎందుకమ్మా?" ఆడపడుచు వెక్కుతూ తల్లి ఒళ్లో తల పెట్టేసింది. "నిన్ను మూలన కూర్చోబెట్టేంత చెడ్డవాళ్లమా మేము?"

"చెడ్డవాళ్లు కాదే. మంచివాళ్లే. 'నువ్వు లేవకమ్మా, మేం తెస్తాం. నువ్వు నడవకమ్మా, పడతావు' అంటారు. ప్రేమగానే అంటారు. అదేనే మూల అంటే!"

తల్లికి మంచినీళ్లు తేవడానికి లేవబోయిన ఆడపడుచు ఆ మాట విని మళ్లీ కూర్చుండిపోయింది.

రేపటి మేస్త్రి తాపీ పట్టుకుని నడవలోకి వచ్చాడు. జరిగింది ఏమిటో ఆయనకి తెలియదు. "అయ్యో, ఎవరమ్మా చెయ్యి పెట్టారు? పచ్చిగానే ఉంది, ఒక్క వరసలో నున్నగా చేసేస్తాను" అంటూ తాపీ ఎత్తాడు.

"ఆగండి!"

చిట్టి ఒక్క ఉరుకున వెళ్లి గోడకి అడ్డం నిలబడింది. తడి సున్నంలోని ఆ ఐదువేళ్ల గీతల వంక తిరిగి చూసింది. ముఖం మీది దుమ్ములో కన్నీళ్లు చారలు కట్టాయి.

"ఈ గోడ ముట్టుకోకండి. ఇది ఇక్కడి నుంచి ముందుకు వెళ్లాలి... వంటగది దాకా... అమ్మ గది దాకా!" అని నాన్నమ్మ వైపు తిరిగింది. "నాన్నమ్మా! నీ దారి నేను చెరిపేశాను. మళ్లీ నువ్వే వేసుకుంటావా? నువ్వు ఎలా వెయ్యమంటే అలా వేస్తాం. నువ్వు కూర్చోవద్దు. లేచి మాకు చూపించు!"

అత్తగారి ముఖంలో అప్పుడు వెలిగిన వెలుగు కొలతమ్మ అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"రేపటి దాకా పచ్చిగా ఉంటుందా మేస్త్రీ?" అని అడిగింది అత్తగారు.

"ఈ ఒక్క పని మాత్రం ఇవాళే చెయ్యాలమ్మా!" అన్నాడు మేస్త్రి. కన్నీళ్ల మధ్య కూడా అందరూ పకపకా నవ్వారు.

సున్నం చేతిని తినేస్తుందని మేస్త్రి భయపెడితే, ఆడపడుచు మారు మాట్లాడకుండా తన గొడుగు తెచ్చి వదిన చేతిలో పెట్టింది. "దీని గుడ్డలోంచి నీళ్లు దిగవు వదినా." కొలతమ్మ ఆ గొడుగు గుడ్డ కత్తిరించి, బల్బు కింద కూర్చుని, అత్తగారి ఎడమ చేతికి సరిపోయే తొడుగు కుట్టింది. కొలత తీయనే లేదు. ఆ చెయ్యి ఆమెకి ఎప్పుడో కంఠస్థం!

మొదలుపెట్టింది అత్తగారు. ఎడమ చెయ్యి తడి గోడ మీద, కుడి చెయ్యి కోడలి చేతిలో. వేళ్ల వెంట మెత్తగా గాడి పడుతూ వస్తోంది. మెట్టు దగ్గరకు రాగానే ఆగింది. "ఇక్కడ గుంట ఉండేది. ఇప్పుడేం పెడతారు?"

కొలతమ్మ ఒక్క క్షణం ఆలోచించి కుట్టుపెట్టె తెచ్చింది. అందులోంచి కోటుకు పెట్టే పెద్ద గుండీ తీసి, మెట్టుకి ముందు, గాడిలో నొక్కింది. అత్తగారు దాన్ని తడిమి, "బాగుందే! ఇది మెట్టు" అంది. వంటగది మలుపులో నాలుగు కన్నాల చొక్కా గుండీ. దొడ్డివైపు తలుపు దగ్గర గుండ్రటి ముత్యం గుండీ. అది మాత్రం ఆడపడుచు నొక్కింది. నొక్కి, వేలు తియ్యకుండా, వదిన వైపు చూడలేక గోడతోనే అన్నట్టుగా అంది: "ఇన్ని మాటలన్నాను... ఒక్కటైనా తిరిగి అనకపోయావా వదినా!"

"అన్నీ దాచిపెట్టాను. తీరిగ్గా అంటాను" అంది కొలతమ్మ. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మళ్లీ ఏడ్చారు.

కొత్త గది గోడలకు పూత వేసిన రోజున ఆ గాడిని అక్కడి దాకా సాగదీశారు. పాత గోడ, కొత్త గోడ కలిసే చోట చిట్టి వదిలిన సన్నటి సందు తగలగానే అత్తగారి వేలు ఆగింది. "ఇక్కడేనా నీ గది మొదలు?" అని అడిగింది. "ఇక్కడే అత్తయ్యా" అంది కొలతమ్మ. అత్తగారు ఆ సందుని పైకీ కిందికీ రాసి చూసి, "మన ఇల్లు వదలనూ లేదు, నీది నీకు వేరుగానూ ఉంది. నా మనవరాలు తెలివిగలది" అంది. చిట్టి అక్కడే నిలబడి వింటోంది. ఆఫీసులో ఎవరు మెచ్చుకున్నా ఆ పిల్ల కళ్లు అలా నిండలేదు.

గది పూర్తయింది. కుట్టుమిషనుని కిటికీ దగ్గరకు చేర్చారు. ఆ ఉదయం కొలతమ్మ మిషను ముందు కూర్చుని, కిటికీకి కొన్న గుడ్డనే అంచు మడిచి, సూది చేతిలోకి తీసుకుంది. అలవాటు కొద్దీ చెయ్యి పైకి, లేని బల్బు వైపు లేచింది. తనకే నవ్వొచ్చి దించింది. పెరటి వెలుతురు ఒళ్లోకి, గుడ్డ మీదికి, సూది కంట్లోకి పడుతోంది. దారం ఒక్కసారికే ఎక్కింది! పట్టరాని సంతోషంతో ఆమె ఆ దారాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

నడవలోంచి అడుగుల చప్పుడు. గోడ మీద చెయ్యి రాసుకుంటున్న మెత్తటి సవ్వడి. కింద కూర్చున్న చిట్టి గబుక్కున లేవబోయింది. తలుపు దగ్గర కాఫీ తాగుతున్న ఆడపడుచు, దుకాణానికి బయలుదేరిన భర్త, ఇద్దరూ ముందుకు అడుగు వేశారు. కొలతమ్మ వేలు పెదవుల మీద పెట్టి ఆపింది.

కోటు గుండీ దగ్గర ఆగడం... మెట్టు దిగడం... చొక్కా గుండీ దగ్గర మలుపు... సందు. అత్తగారు గుమ్మంలో నిలబడింది. ఒంటరిగా వచ్చింది!

"వెలుతురు బాగుందటే?"

"చాలా బాగుందత్తయ్యా!"

"కూర్చోవడానికేమైనా ఉందా?"

కొలతమ్మ నాలుక కరుచుకుంది. ఆ గదిలో మిషను ముందున్న తన కుర్చీ ఒక్కటే ఉంది! లేవబోతుంటే అత్తగారు చెయ్యి ఊపి ఆపింది. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, వచ్చిన దారినే వెళ్లింది. కాసేపటికి హాల్లోంచి కర్రమని పెద్ద చప్పుడు. నేల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. అది నడవలోకి, మెట్టు కిందికి, మలుపులోకి, దగ్గరకి, ఇంకా దగ్గరకి...

"అయ్యో వదినా!" ఆడపడుచు చేతిలోని కాఫీ ఒలికిపోయింది. "పీట జరిగిపోతోందే!"

కొలతమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు.

అత్తగారు ముక్కాలి పీటను కిటికీ దాకా ఈడ్చుకొచ్చి, చేత్తో చుట్టూ తడిమి చూసుకుని, కోడలి మిషను పక్కన పెట్టి కూర్చుంది. ఆయాసపడుతూ, "ఊఁ, ఇవాళ పేపర్లో ఏముంది?" అంది. చిట్టి పరుగున వెళ్లి పేపరు తెచ్చి నేల మీద కూర్చుని పైకి చదవసాగింది. మిషను చక్రం తిరిగింది.

ఆ తరువాత ఆ పీటను ఎవరూ దాని పాత చోట పెట్టలేదు.